ఎర్ర టేపు పెట్టె

ఈ ఊళ్ళో ప్రైవేటు డిటెక్టివులు చాలామందే ఉన్నారు. ఏసీ గదులున్నవాళ్ళు, అద్దాల తలుపులున్నవాళ్ళు, ఆ తలుపు దగ్గర నిలబడి నవ్వడానికి ఒక అమ్మాయిని జీతమిచ్చి పెట్టుకున్నవాళ్ళు. అయినా దేశమంతా ఎరిగిన గాయని తండ్రి, తన కూతురికి ఘోరం జరిగిన మర్నాడు పొద్దున్నే వాళ్ళందరినీ దాటుకుని, సైకిలు కొట్టు పైనున్న నా మేడగదికి ఆయాసపడుతూ ఎక్కివచ్చాడంటే కారణం ఒక్కటే. నా పేరు అలాంటిది. మనిషి గుమ్మంలో చెప్పులు విడిచే తీరు చూసి వాడు దొంగో దొరో చెప్పేస్తాను. ఇంతవరకు గురి తప్పలేదు.

ఆయన చెప్పులు పద్ధతిగా విడిచాడు. ఒకదాని పక్కన ఒకటి, మడమలు గోడకి ఆనించి. ఆ క్షణమే తేల్చేశాను, ఈయన కల్లాకపటం తెలియని మనిషి అని.

"మా అమ్మాయికి కుడిచెవి పోయిందండీ" అన్నాడు కూర్చోకుండానే.

ఆ అమ్మాయిని టీవీలో చూడనివాళ్ళు ఉండరు. రెండేళ్ళ క్రితం పాటల పోటీలో గెలిచింది. ఈయన దర్జీ. పోటీ జరిగినన్నాళ్ళూ టీవీవాళ్ళు ఈయన్ని కుట్టుమిషను ముందు కూర్చోబెట్టి, కళ్ళు తుడుచుకోమని చెప్పి మరీ చూపించారు. దాంతో ఆమెకు 'దర్జీ కూతురు' అన్న పేరు స్థిరపడింది. చివరి రోజున ఇద్దరే మిగిలారు. దర్జీ కూతురు గెలిచింది, ఊరూరా కచేరీలు, గోడగోడకీ పోస్టర్లు. ఓడిన పిల్లకి 'రెండో అమ్మాయి' అన్న పేరొక్కటే మిగిలింది. గెలిచినామె ఆ పిల్లని పిలిచి తన వెనక కోరస్ పాడడానికి పెట్టుకుంది. ఎంత గొప్ప మనసో అని లోకమంతా మెచ్చుకుంది. రెండో అమ్మాయిని ఎవరూ ఏమీ అడగలేదు.

నిన్న కచేరీకి ముందు హాల్లో సౌండు సరిచూసుకుంటుండగా, దర్జీ కూతురి చెవిలో పెట్టుకున్న పరికరంలోంచి ఒక్కసారిగా పెద్ద చప్పుడు వచ్చిందట. అరిచి కూలబడింది. కుడిచెవి మరి పనిచేయదని డాక్టర్లు చెప్పేశారు. అప్పటికి రెండో చెవిలోది ఇంకా పెట్టుకోలేదు కాబట్టి ఎడమచెవి దక్కింది.

"రెండో అమ్మాయే చేసిందని పోలీసులు తేల్చారండీ. సాయంత్రం కోర్టుకి తీసుకెళ్తారు. మా అమ్మాయి మాత్రం నమ్మడం లేదు. ఇంకో మనిషి వచ్చి చూసేదాకా మందు కూడా మింగనంటోంది. మీరొక్కసారి వచ్చి, ఆ మాటే చెప్పేస్తే..."

"ఏ మాట?"

"పోలీసులు చెప్పిందేనండీ."

పాపం, బిడ్డ మందు మింగాలని ఎంత ఆత్రమో అనుకున్నాను. చెప్పులేసుకుని వెంట నడిచాను.

హాల్లో స్టేజీ మీద, నడుము మీద చేతులు పెట్టుకుని ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే ఆయన ముఖం మాడింది. మాడదా మరి! ఆయన నా అల్లుడు.

"మామయ్యగారూ, మీరెందుకొచ్చారు?"

"నా కూతురు ఎలా ఉందో కనుక్కుందామని."

"ఇంట్లో ఉంది."

"తెలుసు. అందుకే ఇక్కడికొచ్చాను. అక్కడ మీరు నోరు విప్పరు కదా."

వెనకున్న కానిస్టేబుళ్ళు దగ్గు వచ్చినట్టు నటించారు. అల్లుడు నన్ను పక్కకి లాగాడు.

"చూడండి, ఇది ఆట కాదు. కేసు తేలిపోయింది. పాడైన పెట్టె మీద ఎర్ర టేపుంది. ఎర్ర టేపు గాయని గుర్తు. కాబట్టి గురి ఆమె మీదే. ఆమె పాడలేకపోతే ఆ చోటు ఎవరికొస్తుంది? రెండో అమ్మాయికి. నిర్వాహకులు అప్పుడే అడిగారు కూడా, వచ్చే కచేరీ నువ్వు పాడతావా అని. రోజూ వేళకి ముందే ఉండే పిల్ల నిన్న ఆ ఒక్క వేళకే స్టేజీ మీద లేదు. ఇంకేం కావాలి మీకు?"

విన్నాక నాకూ ఇంకేం అక్కర్లేదనిపించింది. అల్లుడు పెద్ద చదువులు చదివాడు. నేను మా ఊరి బడిలో, పంతులుగారు రాని రోజులు కూడా కలుపుకుంటే అయిదు తరగతులు. కానీ తీసుకున్న పని ఊరికే ఎలా వదులుతాం? సౌండు ఇంజనీరుని పిలిచాను. రాత్రి నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఏం బాబూ, ఆ పిల్ల చెవిలో పిడుగెలా పడింది?"

"స్టేజీ మీద మోతలో పాడేవాళ్ళకి తమ గొంతు తమకి వినపడదండీ. అందుకని చెవిలో ఇయర్‌ఫోన్లు, వాటి వైరు నడుముకి తగిలించుకునే చిన్న పెట్టెకి. ఆ పెట్టె మీద సౌండు పెంచుకునే నాబు ఉంటుంది. లోపల, శబ్దం హద్దు దాటకుండా ఆపే ఏర్పాటు కూడా ఉంటుంది. మేం దాన్ని కాపలా అంటాం. పాట మొదలెట్టే ముందు పెట్టె పనిచేస్తుందో లేదో చూడడానికి నేను ఇక్కణ్ణుంచి 'కూ' అని ఒక శబ్దం పంపుతాను. మామూలుగా అది పిచ్చుక కూత."

"నిన్న?"

"కాపలా తీసేసి ఉందండీ. నాబు ఆఖరిదాకా తిప్పి, మళ్ళీ కదలకుండా పైన టేపు అంటించారు. నేను 'కూ' పంపాను." ఆ కుర్రాడు తన కుడిచేతి చూపుడువేలిని చూసుకున్నాడు. "ఈ వేలితోనే పంపాను."

"కాపలా తీయడం గొప్ప విద్యా?"

"పక్కన రెండు బటన్లు నొక్కడమేనండీ. రోజూ మమ్మల్ని చూసేవాళ్ళెవరికైనా వచ్చేస్తుంది."

అల్లుడి చేతిలోని ప్లాస్టిక్ సంచీలో ఆ పెట్టె ఉంది. అగ్గిపెట్టెలు రెండు పక్కపక్కన పెట్టినంత. నడుమ చుట్టూ పాత ఎర్ర టేపు, నలిగి మాసిపోయి ఉంది. నాబు మీద అతికించిన ముక్కా ఎర్రదే, కానీ కొత్తది. కళ్ళద్దాలు ముక్కు చివరికి దించి చూశాను. ఆ ముక్క అంచున పళ్ళున్నాయి!

"దొరికాడు! పళ్ళతో కొరికి తెంపాడు. అందరూ వరసగా నిలబడి నోళ్ళు తెరవండి!" అని కేకేశాను.

తెరిచారు. డ్రమ్ములు వాయించేవాడి నోట్లో పళ్ళు ఎన్నికల బూతు ముందు జనంలా ఒకరినొకరు తోసుకుంటున్నాయి. గిటారువాడికి ముందు పన్ను బంగారం. సౌండు ఇంజనీరుకి పైపళ్ళ మధ్య పెద్ద సందు. వాడి భుజం పట్టుకుని, "నువ్వే" అన్నాను.

"మామయ్యగారూ" అన్నాడు అల్లుడు, ఓపికంతా కూడగట్టుకుని. "పళ్ళతో కొరికితే అంచు ఇంత సమంగా ఉంటుందా? అన్ని పళ్ళూ ఒకటే సైజు, రంపంలా. వాడికి సందు ఉన్నచోట ఇక్కడ సందేది?"

నిజమే. కుర్రాడి భుజం వదిలి, దుమ్ము దులిపినట్టు రెండు సార్లు తట్టాను. సిగ్గుతో తల దించుకుంటే స్టేజీ నేల కనిపించింది. వైర్లు కాళ్ళకి తగలకుండా నేలంతా టేపులే. వంగి చూశాను. ప్రతి ముక్కా చేత్తో చింపింది. ప్రతిదాని చివరా దారాలు వేలాడుతున్నాయి, కుక్క లాగిన గోనెసంచిలా. నాబు మీద ముక్కకి మాత్రం ఒక్క పోగైనా ఊడలేదు.

"దీన్ని అంటించింది సౌండువాళ్ళలో ఎవరూ కాదల్లుడూ. వీళ్ళ దగ్గర కత్తెరే ఉండదు" అన్నాను.

"రెండో అమ్మాయి కూడా సౌండు మనిషి కాదుగా. నాకు మేలే చేశారు" అని ఆయన నవ్వాడు.

రెండో అమ్మాయిని స్టేజీ వెనక గదిలో, ఒక ఆడ కానిస్టేబులు కాపలాగా కూర్చోబెట్టారు. సన్నటి పిల్ల. నేను వెళ్ళేసరికి గోడకేసి చూస్తోంది.

"అన్నీ అడిగేశారు తాతగారూ" అంది.

"నేను కొత్తవి అడగను. పాతవే అడుగుతా. నాకు మతిమరుపు. నిన్న ఎందుకాలస్యమైంది?"

"ఆలస్యం కాలేదు. వేళకే వచ్చి వెనక గేటు దగ్గర నిలబడ్డాను. తాళం వేసుంది."

"ముందు గేటు బార్లా తెరిచే ఉంటుందిగా?"

"కోరస్ వాళ్ళు అటు రాకూడదు. పోస్టరు మీద బొమ్మ ఉన్నవాళ్ళే ముందు గేటు నుంచి రావాలి."

"ఎవరు పెట్టారు ఆ చట్టం?"

"అక్కావాళ్ళ నాన్నగారు. పోయిన కచేరీ అప్పుడు ముందు గేటు దగ్గర ఎవరో నాతో ఫోటో దిగారు. అప్పటి నుంచీ."

ఆడ కానిస్టేబులు తల తిప్పి ఆ పిల్లని కొత్తగా చూసింది.

"అయితే గేటు బయటే ఉండిపోయావు."

"తాళం తీసే మనిషి కోసం పిలుస్తూనే ఉన్నాను. లోపల కేక వినపడింది. అందరూ పరుగెత్తారు. అప్పుడెవరో నన్ను చూసి తీశారు."

"సరే, గేటు తెరిచి ఉండి వేళకి లోపలికొస్తే ఏం చేసేదానివి?"

"ఏముంది? రోజూ చేసేదే. అక్క ఎర్ర పెట్టె తగిలించుకుని సౌండు చూసేదాన్ని."

నేను చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాను. "మళ్ళీ చెప్పు."

"అక్క సౌండు చూసుకోదు తాతగారూ. గొంతు అలసిపోతుందని. ఆవిడ చోట నేను నిలబడి ఆవిడ పాట పాడతాను. ఇయర్‌ఫోన్లు ఎవరి చెవి కొలతకి వాళ్ళవి, మార్చుకోం. పెట్టె మాత్రం ఆవిడదే పెట్టుకోవాలి, ఆవిడకి వినపడాల్సింది సరిగ్గా వినపడుతుందో లేదో తెలియాలిగా. రెండేళ్ళుగా ప్రతి ఊళ్ళో ఇంతే. అక్క ఎదురుగా ఖాళీ కుర్చీల్లో కూర్చుంటుంది. ఆ తర్వాత పెట్టె ఆవిడకిచ్చేసి నేను వెనక్కి పోతాను."

"ఇది పోలీసులకి చెప్పావా?"

"మొదటే చెప్పాను. 'అయితే ఆ పెట్టె సంగతి నీకు బాగా తెలుసన్నమాట' అని ఇన్‌స్పెక్టరుగారు రాసుకున్నారు."

నాకు అల్లుణ్ణి చూసుకుని గర్వం కలిగింది. అంత తెలివి అందరికీ రాదు.

"అమ్మాయ్, నిన్న పోవలసింది నీ చెవి."

ఆ పిల్ల తల ఎత్తలేదు. "రాత్రి తెలిసింది తాతగారూ" అంది. "ఇక్కడ కూర్చున్నాక."

"ఎవరో తోచిందా?"

"తోచకుండా ఉంటే బాగుండును అనుకుంటున్నాను."

బయటికొచ్చేసరికి అల్లుడు వరండాలో ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆగమని చెయ్యి చూపించాడు. నేను ఆగే రకమా?

"అల్లుడుగారూ, మీరు దెబ్బ ఎవరికి తగిలిందో చూశారు. ఎవరికి వేశారో చూడలేదు."

ఫోను పెట్టేశాడు. నేను చెప్పిందంతా విన్నాడు. ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

"ఒక నిందితురాలు తన్ను తాను కాపాడుకోవడానికి చెప్పిన మాట. దాన్ని పట్టుకుని కేసు తిరగేయమంటారా? రేపు పేపర్లవాళ్ళు నన్నేమంటారు?"

"పేపర్ల సంగతి రేపు. ఇంటికెళ్ళాక నా కూతురు ఏమంటుందో అది చూసుకోండి. నిరపరాధిని లోపలేశారని తెలిస్తే మీకు సొంతంగా వండుకోవడం వచ్చా?"

"మీ అమ్మాయి పేరు తీయకండి."

"మీ డ్యూటీ పేరు తీస్తాను. ఆ ఇంజనీరుని ఒక్క మాట అడగండి. నేనడిగితే మళ్ళీ పళ్ళు చూడడానికొచ్చానని పారిపోతాడు."

అల్లుడికి కోపం ఎక్కువే కానీ, అబద్ధాన్ని మెడలో వేసుకు తిరిగే రకం కాదు. అది తెలిసే పిల్లనిచ్చాను. విసురుగా స్టేజీ మీదకి నడిచాడు.

"సౌండు చూసేటప్పుడు ఎర్ర పెట్టె ఎవరి నడుముకుంటుంది?"

"రెండో అమ్మాయికి సార్" అన్నాడు ఇంజనీరు. "నిన్న ఆ అమ్మాయి రాలేదు. చూసి చూసి మేడమ్ విసుగొచ్చి, నేనే చేసేస్తా అని తనే తగిలించుకున్నారు."

"ఇది నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"పెట్టె ఎవరిదని అడిగారు సార్. మేడమ్‌దని చెప్పాను."

అల్లుడు టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. నన్ను చూడకుండానే అన్నాడు. "అంటే చేసినవాడికి, వెనక గేటు తాళం వల్ల ఆ పిల్ల లోపలికి రాలేదని తెలియదు."

"తెలిస్తే గాయని ఆ పెట్టె ముట్టుకునేలోపే ఉరికి వచ్చి లాక్కునేవాడు."

"లాక్కునేవాడా? ఎందుకు?"

నా నోటినుంచి ఆ మాట ఎందుకొచ్చిందో నాకే తెలియలేదు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. తర్వాత ఇద్దరం ప్లాస్టిక్ సంచీలోని టేపు ముక్కని చూశాం. పోగు ఊడని అంచు. పోగు ఊడకుండా కత్తిరించడం ఎవరి పని? వీధి చివర కొట్టులో చొక్కా కుట్టించుకున్న ప్రతివాడికీ తెలుసు.

దుస్తులు మార్చుకునే గదిలో, ఆసుపత్రిలో ఉండనని పట్టుబట్టి వచ్చేసిన దర్జీ కూతురు కుర్చీలో కూర్చుని ఉంది. కుడిచెవి మీద దూది, కట్టు. పక్కన బల్ల మీద మింగని మాత్రలు. తండ్రి ఆమెకి ఎడమవైపు నేలమీద కూర్చుని, రద్దయిపోయిన కచేరీకి కుట్టిన మెరుపుల గౌనుకి అంచు సరిచేస్తున్నాడు. కూతురి బట్టలన్నీ ఇప్పటికీ ఆయనే కుడతాడు. పెట్టె పట్టే చిన్న జేబు నడుము దగ్గర ఆయనే పెడతాడు. జేబు కొలత చూడడానికి ఆ పెట్టె రోజూ ఆయన చేతిలోకి వస్తుంది. ఈ సంగతి మా ఇద్దరికీ గుమ్మంలోనే తట్టింది.

"ఏమండీ, తేల్చారా? ఆ పిల్లేగా?" అన్నాడు తలెత్తి.

అల్లుడు జవాబు చెప్పకుండా వంగి, నేలమీద పడున్న గుడ్డపేలిక తీశాడు. అంచునిండా సమానమైన పళ్ళు. దాన్ని టేపు ముక్క ఉన్న సంచీకి ఆనించి పట్టుకున్నాడు. పన్నుకి పన్ను సరిపోయింది. గుడ్డ పోగులు ఊడకుండా దర్జీలు వాడే జిగ్‌జాగ్ కత్తెర ఆయన మోకాలి దగ్గరే ఉంది. తెరిస్తే రెండు రెక్కల మధ్య టేపు జిగురు, దానికంటుకుని ఎర్రటి నూగు.

ముందు నేనే అడిగాను, అడగాల్సింది అది కాకపోయినా. వృత్తి అభిమానం ఊరుకోనిస్తుందా?

"పెద్దమనిషీ, ఇంత చేసి మళ్ళీ డిటెక్టివు దగ్గరికి ఎందుకొచ్చారు? అందులోనూ నా దగ్గరికి?"

"అమ్మాయి ఎవరో ఒకరిని తీసుకురమ్మంది" అన్నాడు ఆయన. "ఊళ్ళో ఎవరూ పనికి పిలవని డిటెక్టివు ఎవరని విచారించాను. అడిగిన ప్రతివాళ్ళూ మీ పేరే చెప్పారు."

అదండీ నా పేరు! సైకిలు కొట్టు మెట్లు ఆయన ఎక్కింది అందుకు. చెప్పులు చూసి మనిషిని చెప్పే విద్య ఆ రోజుతో మానేశాను. ఇప్పుడు చెప్పులు చూసి చెప్పుల ధర మాత్రం చెబుతాను. అల్లుడు ఆ పూట ఒక్కసారే నవ్వాడు. అది కూడా గోడవైపు తిరిగి.

దర్జీ కూతురు తండ్రినే చూస్తోంది.

"ఎందుకు నాన్నా?"

ఆయన గౌను మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నువ్వు హాల్లో కూర్చుంటావు, నీకు కనపడదు. నేను రోజూ పక్కన నిలబడి చూస్తాను, నిన్న ఒక్కరోజే చూడలేక ఈ గదిలో ఉండిపోయాను. ఆ పిల్ల సౌండుకోసం పాడుతుంటే దీపాలవాడు నిచ్చెన మీదే ఆగిపోతాడు. ఊడ్చేవాడు చీపురు పట్టుకుని నిలబడిపోతాడు. నువ్వు రాత్రి వేలమంది ముందు పాడుతుంటే వాళ్ళే వెనక సామాన్లు సర్దుకుంటుంటారు. జనానికి తెలియదమ్మా. పనివాళ్ళకి తెలుసు. ఒక రోజు జనానికి కూడా తెలుస్తుంది. ముందు గేటు దగ్గర అప్పుడే మొదలైంది. దాని చెవి పోతే శ్రుతి పోతుందనుకున్నాను. ప్రాణం తీయాలనుకోలేదు."

"నాకు తెలియదనుకున్నావా?" అంది ఆమె. "గెలిచిన రోజే తెలుసు. అందరి ముందూ నా పేరు పిలిచినప్పుడు దాని వైపే చూశాను, తప్పు పిలిచారేమోనని. గొంతు దాచుకోవడానికి సౌండు చూసుకోనని మీరంతా అనుకున్నారు. కాదు, ఖాళీ హాల్లో కూర్చుని దాని పాట వినడానికి. నా రోజంతటిలో నాకు నచ్చేది అదొక్కటే. ఇక దాన్ని సగమే వింటాను."

అల్లుడు బయటికెళ్ళి ఆడ కానిస్టేబులుకి ఏదో చెప్పాడు. రెండో అమ్మాయి గుమ్మం దాకా వచ్చి, లోపలున్నవాళ్ళని చూసి, అడుగు లోపల పెట్టకుండా ఆగిపోయింది. తర్వాత వెళ్ళిపోయింది. ముందు గేటు నుంచే వెళ్ళింది. ఎవరూ ఆపలేదు, ఎవరూ ఫోటో కూడా దిగలేదు.

తండ్రి కూతురి మోకాలి దగ్గరికి జరిగాడు. "నీకోసమేనమ్మా" అన్నాడు. మిషను కొట్టిన రాత్రులు, టీవీవాళ్ళు ఏడవమంటే ఏడ్చిన ఏడుపులు, పోస్టరు మీద ఆమె బొమ్మని మొదటిసారి చూసిన రోజు, అన్నీ ఒకదాని వెంట ఒకటి చెబుతున్నాడు. ఆమె చెయ్యి చాపి ఆయన తలమీద వేసింది.

నా కేసుల పుస్తకంలో ఈ అధ్యాయం రాసి అల్లుడికి చదవమని ఇచ్చాను. డ్రమ్ములవాడి పళ్ళ దగ్గర ఏమీ అనలేదు. చివరికొచ్చి, కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, "మామయ్యగారూ, ఆ చెయ్యి వేయడం ఎప్పుడు చూశారు?" అన్నాడు.

చూడలేదు. అది నేను కల్పించాను. అదంతా విన్న నేనూ ఒక తండ్రినే కదా, నాకూ ఒక కూతురుంది కదా అని కలిపాను. జరిగింది వేరు. ఆయన చెబుతుండగా ఆమె లేచి, కుర్చీని నేలమీద చప్పుడయ్యేలా లాగి, అటు తిప్పుకుని కూర్చుంది. ఇప్పుడు ఆయన వైపున్నది కుడిచెవి. ఆ సంగతి ఆయనకి చాలాసేపటిదాకా తెలియలేదు. చెబుతూనే ఉన్నాడు.